తుంటిరాత

టుట్లింగెన్‌లో ఉదయం ఆరింటికి
డాన్యూబ్ మీద మంచు ఇంకా లేవదు.
ఎండాకాలమైతే ఈ నది
ఎగువన సున్నపురాళ్ల సందుల్లోకి జారిపోయి
ఉత్త గులకరాళ్లు మిగిలిస్తుంది.
ఇప్పుడు నవంబరు. నీళ్లున్నాయి.
రోస్విథా హౌక్ సైకిలుకు తాళం వేసి
నీలం కోటు తొడుక్కుని
నాలుగో నంబరు పెట్టె ముందు కూర్చుంటుంది.

పెట్టెకు పచ్చ అద్దం కిటికీ.
లోపల పనిచేసే కాంతి కంటికి ఆనదు.
ఆనేదల్లా ఆవగింజలో సగమంత తెల్లటి మెరుపు,
అది పరిగెత్తిన దారే అంకె.
చప్పుడా, దోమ పళ్లు నూరినట్టు.
వాసనా, కాలిన చిల్లర నాణెం
నాలుక చివర పెట్టుకున్నట్టు.

పళ్లెంలో పన్నెండు తుంటికీళ్లు,
పిల్ల ఏనుగు దంతాల్లా వంగి,
వాన ముందరి ఆకాశం రంగులో.
ఒక్కోదాని మెడ మీద
ఊరి పేరు, కొలత, ఎనిమిది అంకెలు,
పక్కన గోరంత చదరంలో చుక్కలు.
చుక్కలు పెట్టి
గీతలు కలపడం మరిచిపోయిన ముగ్గు.
దాన్ని యంత్రాలే చదువుతాయి.
అంకెల్ని మాత్రం ఆమె చదువుతుంది,
భూతద్దం కింద, పెదాలు కదుపుతూ,
ప్రతి ఒక్కటీ. అలా చదవమని ఎవరూ చెప్పలేదు.

చెప్పలేదంటే, ఒకప్పుడు ఒకాయన చెప్పాడు.
ఒయ్‌గెన్ ష్టేలె.
ఉక్కు ముద్దరలు, చెక్కపెట్టె, అరకిలో సుత్తి.
ఒక్కో అంకెకు ఒక్కటే దెబ్బ.
రెండో దెబ్బ వేస్తే అది అంకె కాదు, నత్తి అనేవాడు.
ఆయన మూడు ఎప్పుడూ కాస్త కుడికి ఒరిగేది,
ముద్దర అరిగిందో, మణికట్టు అరిగిందో.
లేజరు దిగిన రోజున
పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి
"చెయ్యి నొప్పెట్టకుండా రాసింది
ఎంతకాలం ఉంటుంది?" అన్నాడు.
జవాబు కోసం ఆగలేదు. భోజనానికి వెళ్లిపోయాడు.

బ్రహ్మ నుదుటి మీద రాస్తాడంటాం మనం.
ఆ సంగతి నాకు తెలీదు.
ఎక్కడో బ్రెమెన్‌లో, బ్రాటిస్లావాలో
మెట్లెక్కుతున్న ఒక ముసలామె
తుంటిరాత మాత్రం రోస్విథాదే.
చర్మం కింద, కొవ్వు కింద, చీకట్లో,
అద్దంలో ఎన్నడూ చూసుకోలేని రాత.

పోయిన ఆదివారం
చిన్నాన్న కూతురు గుడ్రున్ దగ్గరికి వెళ్లింది.
గుడ్రున్‌ది దహనవాటికలో ఉద్యోగం.
కాఫీ అయ్యాక, ఎందుకో,
వెనక గది చూపించింది.
నీలం డబ్బాలో, బూడిద దులిపిన లోహాలు.
మరలు, రేకులు, మోకాళ్లు.
మంగళవారం లారీ వస్తుంది, కరిగించడానికి.
పైనే ఉంది ఒకటి.
మంటకు నెమలికంఠం రంగు తేలి,
అక్కడక్కడా సుద్దలా పొలుసులూడి.
రోస్విథా కళ్లజోడు నుదుటి మీదికి తోసి
కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.
ఎనిమిదింటిలో ఆరు అంకెలు కనిపించాయి.
ఆరు చాలు.
ఫిబ్రవరి, పన్నెండేళ్ల కిందట,
పంటి నొప్పితో లవంగం బుగ్గన పెట్టుకుని
చేసిన పళ్లెం.

"ఎవరిది?" అని అడగలేదు.
అడిగితే గుడ్రున్ చెప్పకూడదు.
తిరిగి డబ్బాలో పెట్టేటప్పుడు
అంకెలు కిందికి ఉండేలా పెట్టింది,
నిద్రపోయినవాళ్లని ఒత్తిగిల్లబెట్టినట్టు.

సాయంత్రం ష్టేలెకు ఫోను చేసింది.
ఎనభై ఆరేళ్లు. చెవి సరిగా వినపడదు.
రెండుసార్లు అరిచి చెప్పాల్సొచ్చింది
మంట గురించి, రంగు గురించి.
అవతల చాలాసేపు
గోడ గడియారం ఒక్కటే.
తర్వాత ఆయన అడిగాడు:

"అందులో మూడు ఉందా?"
ఉంది.
"ఎలా ఉంది?"
నిటారుగా ఉంది.
"ఊఁ" అన్నాడు,
ఒప్పుకున్నాడో లేదో తెలియలేదు.